అప్పటికి మూడు గంటలుగా: పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ కుదరని ఒక అభ్యాసకురాలి కేస్ స్టడీ

ఇంగ్లిష్ రాత మెరుగుపరచుకోవడానికి నా దగ్గరకు వచ్చిన ఈ అభ్యాసకురాలు ఒక సాఫ్ట్‌వేర్ సపోర్ట్ బృందానికి లీడ్. క్లయింట్లతో ఫోన్‌లో ధారాళంగా మాట్లాడతారు, సాంకేతిక పత్రాలను వేగంగా చదువుతారు, వ్యాకరణం పేరు చెబితే బెదిరిపోయే మనిషి కూడా కాదు. ఆవిడను నా దగ్గరకు రప్పించింది ఒకే ఒక్క వాక్యం. ఒకరోజు ఉదయం తొమ్మిది గంటలకు ఒక సర్వీస్ గురించి అలర్ట్ వచ్చింది, బృందం దాన్ని అరగంటలో సరిచేసింది. తరువాత ఆవిడ పంపిన ఇన్సిడెంట్ రిపోర్టులో మొదటి వాక్యం ఇలా ఉంది: "ద సర్వీస్ వాజ్ రెస్పాండింగ్ స్లోలీ సిన్స్ త్రీ అవర్స్ వెన్ వుయ్ రిసీవ్డ్ ద అలర్ట్." అలర్ట్ వచ్చేసరికి సర్వీస్ మూడు గంటలుగా, అంటే ఆరింటి నుంచి, నెమ్మదిగా స్పందిస్తోందని ఆవిడ ఉద్దేశం. క్లయింట్ వైపు మేనేజరు దాన్ని తెల్లవారుజామున మూడింటి నుంచి అని చదువుకున్నారు. మూడు గంటల జాప్యం కాగితం మీద ఆరు గంటలైంది. ఇంతసేపు మీకెందుకు తెలియలేదని ప్రశ్న, దానికి సంజాయిషీ, ఆ సంజాయిషీకి మళ్లీ వివరణ, ఇలా రెండు రోజులు గడిచాయి.

ఈ కేసు రాయడానికి ఆవిడ అనుమతి ఇచ్చారు. ఆవిడను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చి, వాక్యాల నిర్మాణాన్ని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను.

మొదటి సెషన్‌లో నేను చేసిన పని, ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, దాదాపు వృథా. గతంలోని ఒక క్షణానికి అప్పటికే కొంతకాలంగా సాగుతున్న పనిని చెప్పే కాలమైన పాస్ట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్ మీద, ఖాళీలు పూరించే అభ్యాసపత్రం ఒకటి ఇచ్చాను. ఆవిడ ఒక్క తప్పు కూడా లేకుండా పూరించారు. సూత్రం అడిగితే "సబ్జెక్ట్, తరువాత హ్యాడ్ బీన్, తరువాత క్రియకు ఐఎన్‌జీ, చివర సిన్స్ లేదా ఫర్" అని తడుముకోకుండా అప్పజెప్పారు. ఇంత బాగా తెలిసిన మనిషి రిపోర్టులో అలా ఎందుకు రాశారన్నది ఆ అభ్యాసపత్రం చెప్పలేదు, చెప్పగలిగేది కూడా కాదు. ఖాళీ ఉన్న వాక్యంలో కాలాన్ని ప్రశ్న తయారుచేసినవారు ముందే నిర్ణయించి ఉంటారు, వాడవలసిన క్రియ పక్కనే సిద్ధంగా ఉంటుంది, అభ్యాసకులు దాన్ని అచ్చులో పోయడమే మిగులుతుంది. సొంతంగా రాసేటప్పుడు అసలు ఆ ఖాళీ ఎక్కడ ఉందో కూడా రాసేవారే కనిపెట్టాలి. పాఠం చెప్పేవాళ్లం తరచు రెండో పనిని మొదటి పనితోనే కొలుస్తూ ఉంటాం. నేనూ అదే చేశాను.

రెండో సెషన్‌కు ఆవిడ పాత రిపోర్టులు ఆరు తెప్పించుకుని చదివాను. వాటిలో హ్యాడ్ బీన్, ఐఎన్‌జీ అవసరమైన చోట ఒక్కసారి కూడా రాలేదు. అవసరం లేనిచోట మాత్రం రెండుసార్లు వచ్చింది. రావలసిన చోట దాని స్థానాన్ని ఎక్కువగా "వాజ్" ఆక్రమించింది, కొన్నిచోట్ల "ఈజ్" కూడా: "ద డిస్క్ ఈజ్ ఫిల్లింగ్ సిన్స్ సిక్స్ డేస్ బట్ నోబడీ నోటీస్డ్." ఎప్పుడో ముగిసిపోయిన సంఘటన గురించి రాసిన వాక్యంలో ఈజ్ ఏమిటని అడిగితే ఆవిడే ఆశ్చర్యపోయారు. మరోవైపు మామూలు భూతకాలం సరిపోయే చోట్ల హ్యాడ్ విరివిగా పడింది: "ఎస్టర్డే వుయ్ హ్యాడ్ రీస్టార్టెడ్ ద సర్వర్." నిన్న చేశామన్నదే విషయమైతే "ఎస్టర్డే వుయ్ రీస్టార్టెడ్ ద సర్వర్" చాలు. హ్యాడ్ తగిలిస్తే పని ఇంకాస్త గట్టిగా ముగిసిపోయినట్టు వినిపిస్తుందన్న భావన భారతీయ ఇంగ్లిష్‌లో బాగా పాతుకుపోయింది, ఆవిడ కూడా అందుకు మినహాయింపు కాదు.

ఈ తప్పులన్నీ ఒకే తావు నుంచి పుడుతున్నాయని నాకు అనిపించింది, కాని ఆ తావును చూపించడానికి నేను ఎంచుకున్న మొదటి దారి పనిచేయలేదు. కాలరేఖ గీశాను. భాషలోని కాలాలను వివరించడానికి తత్వవేత్త హాన్స్ రైఖెన్‌బాఖ్ 1947లో మూడు బిందువుల పద్ధతిని ప్రతిపాదించాడు: మనం మాట్లాడుతున్న క్షణం, సంఘటన జరిగిన క్షణం, ఆ సంఘటనను ఏ క్షణంలో నిలబడి చూస్తున్నామో ఆ క్షణం. మామూలు భూతకాలంలో చివరి రెండూ ఒకేచోట ఉంటాయి. పాస్ట్ పర్ఫెక్ట్‌లో మూడూ విడివిడిగా ఉంటాయి, మొదట సంఘటన, తరువాత చూపు నిలిచిన చోటు, ఆ తరువాత మాట్లాడే క్షణం. కంటిన్యుయస్ చేరితే సంఘటన బిందువుగా కాక సాగుతున్న గీతగా కనిపిస్తుంది. ఆలోచనగా ఇది చాలా శుభ్రమైనది, నాకు ఇష్టమైనది కూడా. నేను ఇచ్చిన ఇంగ్లిష్ వాక్యాలకు ఆవిడ రేఖ మీద గుర్తులు చక్కగా పెట్టారు. మరుసటి వారం రాసుకొచ్చిన రిపోర్టులో మళ్లీ "వాజ్ రన్నింగ్ సిన్స్ టూ డేస్" కనిపించింది. ఎందుకని అడిగితే ఆవిడ ఇచ్చిన జవాబు నా పద్ధతిని మార్చింది: "సార్, మీరు వాక్యం ఇస్తే గీత గీయగలను. నా మనసులో ఉన్నది ఇంకా వాక్యం కాలేదు కదా, దేనికి గీయాలి?"

మనసులో ఉన్నది ఏ భాషలో ఉందని అడిగాను. ఇలాంటి రిపోర్టు రాసేటప్పుడు ముందు తెలుగులోనే అనుకుంటానన్నారు. అయితే ఆ తెలుగు వాక్యాన్నే చెప్పమన్నాను. "తొమ్మిదింటికి అలర్ట్ వచ్చేసరికి సర్వీస్ మూడు గంటల నుంచి నెమ్మదిగా రెస్పాండ్ అవుతోంది" అన్నారు. ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి ఇద్దరం కొంతసేపు దాన్నే చూశాం. సమస్య అంతా అక్కడే ఉంది. "మూడు గంటల నుంచి" అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి: గడియారంలో మూడు కొట్టినప్పటి నుంచి అని ఒకటి, మూడు గంటల సమయంగా అని మరొకటి. మాట్లాడేటప్పుడు సందర్భం దాన్ని విడదీస్తుంది కాబట్టి మనకు ఇబ్బంది ఉండదు. ఇంగ్లిష్‌లో ఈ రెంటికీ రెండు మాటలున్నాయి, మొదలైన బిందువుకు సిన్స్, గడిచిన పొడవుకు ఫర్. ఆవిడ తెలుగు "నుంచి"ని సిన్స్‌గా మార్చినప్పుడు ఆ తెలుగు అస్పష్టత కూడా వాక్యంతోపాటు మారకుండా వెళ్లిపోయింది. క్లయింట్ మేనేజరు దాన్ని గడియారపు మూడుగా చదవడంలో ఆయన తప్పేమీ లేదు.

రెండో చిక్కు క్రియలో ఉంది. "అవుతోంది", "చేస్తున్నాడు", "చదువుతున్నారు" వంటి రూపాలను వర్తమానకాలమని పాఠాల్లో నేర్చుకున్నాం, కాని వాడుకలో అవి వర్తమానానికి కట్టుబడి ఉండవు. "నిన్న నేను వెళ్లేసరికి ఆయన నిద్రపోతున్నాడు" అన్నది నిర్దుష్టమైన తెలుగు వాక్యం, అందులో నిద్ర నిన్నటిదే. మన భాషలో "తున్న" పని సాగుతోందని చెబుతుంది. ఎప్పుడు సాగుతోందన్న సంగతిని "నిన్న", "అప్పుడు", "వెళ్లేసరికి" వంటి మాటలు మోస్తాయి. ఇంగ్లిష్‌లో ఆ భారాన్ని సహాయక క్రియే మోయాలి. తెలుగు క్రియ కాలం చెప్పకుండా ఊరుకున్న చోట ఆవిడ ఇంగ్లిష్‌లో ఏదో ఒకటి ఎంచుకోవలసి వచ్చింది. ఒకరోజు ఈజ్ వచ్చింది, మరోరోజు వాజ్ వచ్చింది. ఆ ఈజ్ నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదని ఆవిడకు అర్థమైన తరువాత సెషన్లలో కొంత బిగువు తగ్గింది.

తెలుగులో ఈ కాలం లేదని చాలామంది చెబుతారు, నేను కూడా ఒకప్పుడు క్లాసులో అలాగే చెప్పేవాడిని. దానికి ప్రత్యేకమైన క్రియారూపం లేదన్నంతవరకే అది నిజం. ఆ అర్థాన్ని మనం రోజూ పలుకుతూనే ఉన్నాం, దాన్ని మూడు చిన్న ముక్కలుగా పంచుకుని పలుకుతున్నాం. "అప్పటికి ఆరు నెలలుగా పనిచేస్తున్నాడు" అన్న వాక్యంలో "అప్పటికి" చూపు నిలిచిన చోటును, "గా" అక్కడిదాకా కొలిచిన పొడవును, "తున్న" ఆ పొడవునా పని సాగిన తీరును చెబుతాయి. రైఖెన్‌బాఖ్ గీతలోని విషయమంతా ఇందులో ఉంది. కాబట్టి కాలరేఖను పక్కనపెట్టి, రిపోర్టులోని ప్రతి మొదటి వాక్యాన్ని ముందు తెలుగులో రాయమన్నాను. "నుంచి" వచ్చిన చోటల్లా దాన్ని "గా"తో మార్చి చూడాలని, మారితే ఫర్, మారకపోతే సిన్స్ అని పెట్టుకున్నాం. "మూడు గంటలుగా" అని మార్చగలిగితే అది ఫర్ త్రీ అవర్స్. "మూడింటి నుంచి" అన్నదే ఉద్దేశమైతే "గా" అక్కడ నిలవదు, అది సిన్స్ త్రీ ఓ క్లాక్. ఆ తరువాత వాక్యం ముందు "అప్పటికి" చేర్చి చదవాలి. ఆ మూడు ముక్కలూ సహజంగా ఇమిడితే హ్యాడ్ బీన్, ఐఎన్‌జీ. "అప్పటికి" బదులు "ఇప్పటికి" కుదిరితే హ్యావ్ లేదా హ్యాజ్ బీన్. "అప్పటికి" ఉన్నా క్రియ "తున్న"తో కాక "చేసేశాం", "వెళ్లిపోయింది" అన్నట్టు ముగిసిన రూపంలో ఉంటే హ్యాడ్, క్రియ మూడో రూపం. "గా" అసలే లేకుండా "అప్పుడు నడుస్తోంది" అని మాత్రమే ఉంటే వాజ్ చాలు.

మొదటి వాక్యం ఇలా మారింది: "ద సర్వీస్ హ్యాడ్ బీన్ రెస్పాండింగ్ స్లోలీ ఫర్ త్రీ అవర్స్ వెన్ ద అలర్ట్ కేమ్ ఎట్ నైన్." దీన్ని ఎవరూ తెల్లవారుజామున మూడని చదవలేరు. వాజ్ పెట్టి, ఫర్ త్రీ అవర్స్ అన్నా ఏమవుతుందని ఆవిడ అడిగారు, మంచి ప్రశ్న. వాజ్ చూపును అలర్ట్ వచ్చిన క్షణంలోనే నిలబెడుతుంది, ఆ క్షణంలో ఏం జరుగుతోందో మాత్రమే చెబుతుంది. వెనక్కి తిరిగి మూడు గంటల పొడవును కొలిచే పని దానిది కాదు. అందుకే వాజ్, ఫర్ కలిసిన వాక్యాన్ని చదివేవారు ఆ పొడవు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తేల్చుకోలేక ఒక క్షణం ఆగుతారు.

ఇక్కడే అనుకోకుండా మరో విషయం బయటపడింది, ఈ కేసులో నేను నేర్చుకున్న వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనది అదే. ఇంగ్లిష్ ఫర్ ఒక్కటే, కాని తెలుగు దాన్ని రెండుగా విడదీస్తుంది: "మూడు గంటలుగా", "మూడు గంటలపాటు". "మూడు గంటలపాటు ఎదురుచూశాను" అంటాం, "మూడు గంటలుగా ఎదురుచూస్తున్నాను" అంటాం. వీటిని తారుమారు చేసి "మూడు గంటలపాటు ఎదురుచూస్తున్నాను" అంటే చెవికి వెంటనే తగులుతుంది. "పాటు" రెండు చివర్లూ మూసిన పొడవు, దానికి మామూలు భూతకాలం చాలు: ఐ వెయిటెడ్ ఫర్ త్రీ అవర్స్. "గా" ఒక చివర ఏదో ఒక క్షణానికి ఆనుకుని ఉన్న పొడవు, దానికి పర్ఫెక్ట్ కంటిన్యుయస్ కావాలి. పాత రిపోర్టుల్లో అనవసరంగా వచ్చిన రెండు హ్యాడ్ బీన్‌లూ "పాటు" వాక్యాలే. అందులో ఒకటి, "వుయ్ హ్యాడ్ బీన్ మానిటరింగ్ ద సర్వర్ ఫర్ టూ అవర్స్ అండ్ క్లోజ్డ్ ద టికెట్", రెండు గంటలపాటు గమనించి టికెట్, అంటే ఆ సమస్య నమోదు, మూసేశాం అన్న మాటకు రాసింది. వరుసగా జరిగిన రెండు పనులను జరిగిన క్రమంలోనే చెబుతున్నప్పుడు వెనక్కి చూడవలసిన అవసరమే లేదు. "మానిటర్డ్, క్లోజ్డ్" అంటే సరిపోతుంది. ఫర్ కనిపించగానే పర్ఫెక్ట్ వాడాలని బడిలో నేర్పిన సూత్రం ఎంత నష్టం చేసిందో ఈ ఒక్క వాక్యం చూపిస్తుంది.

నాలుగో వారం నుంచి ఆవిడ వృత్తికే ప్రత్యేకమైన క్రియలతో పేచీ మొదలైంది. సర్వీస్ పడిపోవడాన్ని క్రాష్ అంటారు. "ద సర్వీస్ హ్యాడ్ బీన్ క్రాషింగ్ ఫర్ టూ అవర్స్" అని ఆవిడ రాసినప్పుడు నేను ఉద్దేశం అడిగాను. ఒక్కసారి పడిపోయి, రెండు గంటలపాటు లేవలేదని జవాబు. ఇంగ్లిష్ చదివేవారికి ఆ వాక్యం రెండు గంటలుగా పదేపదే పడిపోతూ లేస్తూ ఉందని చెబుతుంది. ఈ రెండు లోపాలకు కారణాలు వేరు, మరమ్మతులు వేరు, కాబట్టి ఇది కేవలం శైలికి సంబంధించిన తేడా కాదు. జీనో వెండ్లర్ 1957లో క్రియలను స్థితులు, సాగే పనులు, ఒక ముగింపు వైపు సాగే పనులు, క్షణంలో జరిగిపోయేవి అని నాలుగు తెగలుగా విభజించాడు. క్రాష్ చివరి తెగకు చెందినది. క్షణంలో ముగిసేదాన్ని రెండు గంటలు సాగదీయాలంటే భాషకు ఉన్న మార్గం దాన్ని మళ్లీ మళ్లీ జరిపించడమే. మనకూ అంతే: "పడిపోయింది" ఒకసారి, "పడిపోతూ వచ్చింది" పలుమార్లు. ఒక్కసారి పడిపోయిన సంగతికి "ద సర్వీస్ హ్యాడ్ బీన్ డౌన్ ఫర్ టూ అవర్స్" అని రాయాలని తేల్చుకున్నాం, అది స్థితి కాబట్టి ఐఎన్‌జీ అక్కర్లేదు. లెక్క చెప్పే వాక్యాలకు కూడా ఇదే ఆధారం. ఉదయమంతా సర్వర్లను రీస్టార్ట్ చేస్తూనే ఉన్నామంటే హ్యాడ్ బీన్ రీస్టార్టింగ్; అప్పటికి నాలుగింటిని రీస్టార్ట్ చేశామంటే హ్యాడ్ రీస్టార్టెడ్ ఫోర్. ఎన్ని పూర్తయ్యాయో చెప్పగానే పని సాగుతున్న గీత మాయమై, పూర్తయిన ముక్కలు మాత్రమే మిగులుతాయి.

దీనికన్నా మొండిగా నిలిచిన తప్పు మరొకటి ఉంది. "ద ఫైల్స్ హ్యాడ్ బీన్ డిలీటింగ్ ఫర్ టూ డేస్." రెండు రోజులుగా ఫైళ్లు డిలీట్ అవుతున్నాయి అన్న తెలుగుకు ఇది సూటి ప్రతిబింబం. మూడు ముక్కల పరీక్షలో ఈ వాక్యం నెగ్గింది, అయినా తప్పు. కారణం "అవు" అన్న క్రియ. ఇంగ్లిష్ మాట ఏదైనా తెచ్చి "అవు" చేరిస్తే కర్తతో పనిలేని క్రియ తయారవుతుంది: డిలీట్ అవుతోంది, లోడ్ అవుతోంది, అప్‌డేట్ అవుతోంది. ఇంగ్లిష్‌లో లోడ్, అప్‌డేట్ వంటి కొన్ని క్రియలు అలా కూడా నడుస్తాయి, డిలీట్ అలా నడవదు. ఫైళ్లు తమంతట తాము దేన్నో డిలీట్ చేస్తున్నట్టు వినిపిస్తుంది. పాసివ్ చేద్దామంటే "హ్యాడ్ బీన్ బీయింగ్ డిలీటెడ్" అనాలి, వ్యాకరణం దాన్ని కాదనకపోయినా రాసేవారు దాదాపు ఎవరూ దాని జోలికి పోరు. "హ్యాడ్ బీన్ డిలీటెడ్" అంటే పని ముగిసిపోయినట్టవుతుంది. అందుకని కర్తను బయటికి లాగడమే ఉపాయమని చెప్పాను: రెండు రోజులుగా ఫైళ్లను ఎవరు, లేదా ఏది, తీసేస్తోంది? "ఎ క్లీనప్ స్క్రిప్ట్ హ్యాడ్ బీన్ డిలీటింగ్ ద ఫైల్స్ ఫర్ టూ డేస్." రిపోర్టు చదివేవారికి కావలసిన అసలు సమాచారం కూడా అదే. "అవు"తో ముగిసే వాక్యం కనిపించినప్పుడల్లా అక్కడ ఆగి కర్తను వెతకడం ఆవిడకు అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది.

నో (తెలుసు), ఓన్, బిలాంగ్, కంటైన్ వంటి స్థితిని తెలిపే క్రియలు ఐఎన్‌జీని సాధారణంగా ఒప్పుకోవన్నది ఆవిడకు ముందే తెలుసు, ఆ భాగాన్ని త్వరగా దాటేశాం. "తెలుసు" అన్న మాటకు తెలుగులోనే "తున్న" రూపం లేదు కాబట్టి "అప్పటికే తెలుసు" అన్నది "హ్యాడ్ నోన్" దగ్గరికి తనంతట తానే చేరుతుంది. "నమ్ముతున్నాం", "అర్థమవుతోంది" వంటి చోట్ల మాత్రం తెలుగు మోసం చేస్తుంది, వాటిని విడిగా గుర్తుపెట్టుకోక తప్పదు.

ఆరో వారానికి నేను ఊహించవలసిన, కాని ఊహించని సమస్య వచ్చింది. కాలం కుదిరిన సంతోషంలో ఆవిడ ఒకే పేరాలో ఆరు హ్యాడ్ బీన్‌లు రాశారు. డిస్క్ నిండుతూ ఉండింది, లాగ్‌లు పెరుగుతూ ఉండినాయి, బృందం వెతుకుతూ ఉండింది, క్లయింట్ ఫోన్ చేస్తూ ఉండినాడు; విడివిడిగా చూస్తే ఒక్కదాన్ని కూడా తప్పనడానికి లేదు, కలిపి చదివితే ఊపిరాడదు. నిజానికి ఇంగ్లిష్ రాతలో ఈ కాలం చాలా అరుదుగా వస్తుంది. ఒక కథనంలోని సమయాన్ని వెనక్కి జరపడానికి అది తలుపు తీస్తుంది, ఒకసారి లోపలికి వెళ్లాక మామూలు భూతకాలమే నడిపిస్తుంది. పైగా బిఫోర్, ఆఫ్టర్ వంటి మాటలు క్రమాన్ని చెప్పేసినప్పుడు హ్యాడ్ కూడా తరచు అనవసరం. ఆ పేరాను ఇద్దరం కలిసి తిరగరాశాం, మొదటి వాక్యంలో మాత్రమే హ్యాడ్ బీన్ మిగిలింది: "ద డిస్క్ హ్యాడ్ బీన్ ఫిల్లింగ్ అప్ ఫర్ సిక్స్ డేస్ బిఫోర్ ఎనీవన్ నోటీస్డ్." ఆ తరువాతి వాక్యాలన్నీ గ్రూ, చెక్డ్, కాల్డ్ అన్న మామూలు రూపాలకు దిగాయి. పేరాకు ఒకటి అన్నది వ్యాకరణ నియమం కాదని, ఆవిడ అలవాటు కుదుటపడేవరకు పెట్టుకున్న కట్టుబాటు మాత్రమేనని చెప్పాను.

ఫోన్ కాల్స్ గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే ఆవిడ రిపోర్టులలో సగం క్లయింట్ చెప్పిన మాటలే. "వుయ్ హ్యావ్ బీన్ సీయింగ్ ఎర్రర్స్ సిన్స్ మార్నింగ్" అని క్లయింట్ అంటే, రిపోర్టులో "ద క్లయింట్ సెడ్ దే హ్యాడ్ బీన్ సీయింగ్ ఎర్రర్స్ సిన్స్ దట్ మార్నింగ్" అవుతుంది. త్రీ అవర్స్ అగో అన్నది త్రీ అవర్స్ అర్లియర్ అవుతుంది. ఆవిడకు ఇది సులభంగానే వచ్చింది. కష్టమంతా వినడంలో ఉంది. మాటలో హ్యాడ్ కుంచించుకుపోయి "దేడ్ బీన్", "ఇటుడ్ బీన్" అని వస్తుంది, బీన్ కూడా పొట్టిగా బిన్ అవుతుంది, ఆ డకారం చెవిన పడకపోతే వాక్యం నుంచి కాలమే రాలిపోతుంది. ఈ డకారం వుడ్‌కు కూడా కుదింపే, కాని వుడ్ తరువాత నేరుగా బీన్ రాదు, హ్యావ్ బీన్ అనాలి. కాబట్టి డకారం వెంటనే బీన్ వినిపిస్తే అది హ్యాడ్ అని తేల్చుకోవచ్చు. రికార్డు చేసిన సంభాషణలను తక్కువ వేగంలో వినిపిస్తూ రెండు సెషన్లు దీనికే కేటాయించాను. ఒక నియతమైన ఫలితం వచ్చిందని చెప్పలేను. అనుమానం వచ్చినప్పుడు అప్పుడా, అప్పటికా అని క్లయింట్‌ను తిరిగి అడగడం మాత్రం ఆవిడ మొదలుపెట్టారు.

నా మూడు ముక్కల పరీక్ష పూర్తిగా విఫలమైన చోటు ఒకటి ఉంది, దాన్ని దాచడం సరికాదు. ఈ కాలానికి మరో ఉపయోగం ఉంది: పని అప్పుడే ఆగిపోయింది, దాని జాడ మాత్రం కనిపిస్తోంది. "హర్ ఐస్ వర్ రెడ్, షీ హ్యాడ్ బీన్ క్రయింగ్." కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఏడుపు అప్పటికి ఆగింది. ఇందులో "గా" లేదు, పొడవు కొలతే లేదు. తెలుగులో మనం "అప్పటిదాకా ఏడుస్తూ ఉన్నట్టుంది" అనో, "ఏడ్చినట్టుంది" అనో అంటాం. "అప్పటికి" స్థానంలో "అప్పటిదాకా" వస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు. ఆవిడ పరీక్షను నమ్మి ఇలాంటి చోట్ల వాజ్ క్రయింగ్ అని రాస్తారు, అప్పుడు ఏడుపు ఇంకా సాగుతూనే ఉందన్న అర్థం వస్తుంది. పరీక్షకు నాలుగో ముక్కగా "అప్పటిదాకా"ను చేర్చాను, కాని మొదటి మూడూ కుదిరినంత సాఫీగా ఇది కుదరలేదు, ఎందుకంటే రాసేవారు ముందుగా జాడను జాడగా గుర్తించాలి.

పదో వారంలో వచ్చిన రిపోర్టులో ఇలాంటి వాక్యమే ఉంది: "మెమరీ యూసేజ్ వాజ్ హై బికాజ్ ద బ్యాకప్ వాజ్ రన్నింగ్." మిగతా పేరా అంతా నిర్దుష్టంగా ఉంది, ఫర్ సరైన చోట ఉంది, "అవు" వాక్యాలకు కర్తలు దొరికారు. బృందం చూసే సమయానికి బ్యాకప్ నడుస్తూ ఉందా, ఆగిపోయి ఉందా అని అడిగాను. పది నిమిషాల ముందే ముగిసిందని, మెమరీ మాత్రం ఇంకా దిగలేదని చెప్పారు. అలా అయితే వాజ్ రన్నింగ్ చదివినవారు బ్యాకప్‌ను ఆపమని సలహా ఇస్తారు, ఆపడానికి అక్కడేమీ ఉండదు. ఆవిడ ఫైలు తెరిచి దాన్ని "హ్యాడ్ బీన్ రన్నింగ్ అంటిల్ టెన్ మినిట్స్ అర్లియర్" అని మార్చారు. ఆ తరువాతి నాలుగు సెషన్లను పొడవు కొలతలేని ఈ వాక్యాలకే పెట్టుకున్నాం.